ఒక పికిపికి వాడి ఫిర్యాదు

మొన్న సంక్రాంతికి మా బావమరిది నైరోబీనుంచి వచ్చాడు. కెన్యా దేశంలో ఏదో కంపెనీలో జమాఖర్చులు చూసే ఉద్యోగం అతనిది. వెళ్ళి పదేళ్ళు దాటింది. వచ్చినప్పుడల్లా అక్కగారికి తేయాకు పొట్లాలూ, నాకొక చెక్కబొమ్మా తెస్తాడు. చెక్క జిరాఫీలు మా ఇంట్లో ఇప్పటికి నాలుగైనాయి. ఐదోదానికి చోటులేక పుస్తకాల బీరువామీద, భారతం సంపుటాల పక్కన నిలబెట్టాం. అక్కణ్ణించి అది నా కేసి చూస్తూంటుంది.

కనుమనాటి సాయంత్రం ఇద్దరం వీధి అరుగుమీద కూర్చున్నాం. ఎదురింటి కుర్రవాడు మోటారు సైకిలు బయటికి తీసి, రెండుసార్లు తన్ని, మూడోసారికి అది అంటుకోగానే చెవులు గింగురుమనేలాగ వెళ్ళిపోయాడు. నేను ముఖం చిట్లించుకున్నాను. మా బావమరిది మాత్రం చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"ఆ బండ్లే బావగారూ, మాకక్కడ ఎటు చూసినా! మన బజాజ్, మన టీవీయస్. పూనావాళ్ళవీ, హోసూరువాళ్ళవీ ఓడలెక్కి వస్తాయి. నైరోబీలో ఏ సందు మొగలో చూసినా పదీ పదిహేనూ వరసగా నిలబడి ఉంటాయి."

"అంతమంది షికార్లు కొడతారటోయ్?"

"షికార్లు కావండీ, సంసారాలు! వెనక మనిషిని ఎక్కించుకొని తీసుకుపోతారు. మనకు రిక్షా ఎలాగో వాళ్ళకది అలాగ. మనిషేమిటి, కోళ్ళ గంపలూ, పరుపులూ, ఒకసారి సోఫా కూడా చూశాను. సోఫాలో ఎవరూ కూర్చోలేదనుకోండి."

ఆ బండిని అక్కడ బోడా బోడా అంటారట. తెలుగు పంతులుకు కొత్త మాట వినపడితే చెవి నిక్కుతుంది గదా, దాని పుట్టుపూర్వోత్తరాలు అడిగాను. కెన్యాకూ ఉగాండాకూ నడుమ బుసియా అనే సరిహద్దు ఊరుంది. ఈ దేశపు చౌకీనుంచి ఆ దేశపు చౌకీదాకా మధ్యన నడవవలసిన దూరముంటుంది. 1960 ప్రాంతాల్లో అక్కడ సైకిళ్ళవాళ్ళు చేరి, "బోర్డర్! బోర్డర్!" అని కేకలు వేస్తూ మనుషుల్నీ మూటల్నీ దాటించేవారట. బోర్డరు నలిగి నలిగి బోడా అయింది. మన స్టేషను టేసనైనట్టే. తరవాత సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది. 2008 ప్రాంతంలో కెన్యా ప్రభుత్వం చిన్న మోటారు సైకిళ్ళమీద పన్ను ఎత్తివేసేసరికి ఇవి దేశమంతా కమ్ముకున్నాయి. చదువుకొని ఉద్యోగం రానివాడూ, పొలం చాలనివాడూ, అప్పుచేసి ఒక బండి కొనుక్కొని సందు మొగలో నిలబడ్డాడు.

మోటారు సైకిలుకు స్వాహిలీ భాషలో అసలు మాట పికిపికి. ఇది విని మా ఆవిడ లోపలినుంచి నవ్వింది. మన పల్లెల్లో డుగుడుగు బండి అంటారు. బండి ఒకటే, చెవులు వేరు! అది డుగుడుగుమంటుందా, పికిపికిమంటుందా అన్నది ఏ వ్యాకర్త తేల్చగలడు?

ఈ పికిపికివాళ్ళను గురించి మా బావమరిది చాలాసేపు చెప్పాడు. ప్రతి సందుకూ ఒక స్టాండు, ఆ స్టాండుకొక పెద్ద, కొత్తవాడు చేరాలంటే కట్టవలసిన రుసుమూ, రోజూ ఇంతని వేసుకునే చందా ఉంటాయట. ఒకడికి జబ్బు చేస్తే ఆ డబ్బులోనుంచి మందులు. ఒకడు పోతే శవాన్ని సొంత ఊరికి చేర్చే ఖర్చూ అందులోనుంచే. ఊరేగింపుగా బండ్లన్నీ హారన్లు మోగించుకుంటూ వెంట వెళతాయి. అలాగని వీళ్ళంతా ధర్మరాజులని నన్ననుకోమనలేదు. రోడ్డు నియమాలు వీళ్ళకు పట్టవు. ఏ కారైనా ఒక బండికి తగిలిందో, తప్పెవరిదో చూడకుండా నిమిషంలో వందమంది మూగి కారువాణ్ణి చితకబాదిన సందర్భాలూ ఉన్నాయి. మర్యాదస్తులకు వీళ్ళంటే చిన్నచూపు. పోలీసులకు వీళ్ళంటే చిల్లర డబ్బు. రెండూ మనం ఎరగనివి కావు.

"వీళ్ళలో ఒకడి కథ మీకు చెప్పనా?" అన్నాడు. చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరవాత పాత పత్రికలూ, కోర్టు తీర్పు సంగతులూ వెతికి చదువుకున్నాను. అదే ఈ వారం మీకు చెబుతున్నది.

నైరోబీనుంచి మొంబాసా రేవుకు పోయే పెద్దరోడ్డుమీద, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మ్లొలోంగో అని ఒక ఊరు. మ్లొలోంగో అంటే వరస, బారు. సరుకుల లారీలు తూకానికి అక్కడ బారులు తీరి నిలబడేవి గనుక ఆ పేరు వచ్చిందంటారు. 1988లో ఆ దేశంలో రహస్య బ్యాలెట్టు లేకుండా, అభ్యర్థుల వెనక జనాన్ని వరసగా నిలబెట్టి తలలు లెక్కించిన ఎన్నికలు జరిగాయి. వాటినీ ఇదే మాటతో పిలుస్తారు. వరసలో నిలబడడం అక్కడివారికి బాగా అలవాటున్న సంగతే నన్నమాట.

ఆ ఊళ్ళో జోసఫత్ మ్వెండా అనే అతను బోడా బోడా నడుపుకునేవాడు. 2015 ఏప్రిల్‌లో ఒకనాడు పోలీసులు బండ్లను ఆపి తనిఖీ చేస్తున్నారు. మ్వెండానూ ఆపారు. అక్కడ ఒక పోలీసు అధికారి చేతిలోని తుపాకి పేలింది. గుండు మ్వెండా చేతికి తగిలింది. అతని దగ్గర ఆయుధం లేదు, అతను దొంగా కాడు. అధికారికి తాను చేసిన పని తెలిసివచ్చింది. తెలిసివచ్చినవాడు ఏం చేయాలి? ఆయన ఎదురు కేసు బనాయించాడు. దెబ్బ తిన్నవాణ్ణి ముద్దాయిని చేస్తే దెబ్బ సంగతి ఎవరూ అడగరు గదా!

మామూలుగా ఇక్కడితో కథ అయిపోవాలి. చేతికి కట్టు కట్టించుకొని, ఎవరినో బతిమాలుకొని, జరిమానా కట్టి, మళ్ళీ స్టాండుకు వచ్చి నిలబడాలి. నూటికి తొంభైమంది చేసేది అదే. మ్వెండా ఫిర్యాదు చేశాడు. పోలీసులమీద వచ్చే ఫిర్యాదులు విచారించడానికి 2011 నాటి చట్టంతో ఆ దేశంలో పోలీసులతో సంబంధం లేని ఒక సంస్థ ఏర్పడింది. దానికి అర్జీ ఇచ్చాడు.

ఈ అర్జీ అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగాలి.

2011 డిసెంబరులో, తెల్లవారుజామున షికారు వెళ్ళి తిరిగి వస్తున్నాను. మా పట్నంలో నాలుగు రోడ్ల కూడలి దగ్గర మా కాలేజీ రెండో సంవత్సరం కుర్రవాడొకడు తండ్రిగారి పాత మోటారు సైకిలుమీద పాల క్యానులు వేసుకొని వస్తున్నాడు. తెల్లవారేదాకా పాలుపోసి, తొమ్మిదింటికి తలదువ్వుకొని నా క్లాసుకు వచ్చేవాడు. వెనక బెంచీలో కునికేవాడు. నేను సుద్దముక్క విసిరేవాణ్ణి. ఆనాడు ఒక జవాను చెయ్యి ఎత్తాడు. కుర్రవాడు బ్రేకు వేశాడు, నాలుగడుగులు ముందుకు వచ్చి ఆగాడు. ఆ నాలుగడుగులకు లాఠీ లేచింది. ఎడమచేతి మణికట్టుమీద పడింది. బండి పడింది. పాలు రోడ్డంతా పారినాయి. నేను టీకొట్టు పక్కన, పది గజాల దూరంలో ఉన్నాను. అంతా చూశాను.

మూడోనాడు వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకొని, కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోనుంచి కాగితం తీశాడు. ఎవరిచేతనో రాయించిన అర్జీ. "మాస్టారూ, తమరు కళ్ళారా చూశారంట. అడుగున ఒక సంతకం పెడితే..." అన్నాడు.

నేను ఏమన్నానో నాకు మాట మాటా జ్ఞాపకముంది. పరీక్షల కాలమన్నాను. సాక్ష్యమంటే వాయిదాలకు తిరగాలన్నాను. గవర్నమెంటు వాళ్ళతో పెట్టుకుంటే కుర్రవాడి చదువు చెడుతుందన్నాను. ఈ చివరి మాట నాకే చాలా తెలివైనదిగా తోచింది. కట్టు ఖర్చులకని రెండు వందలు టీపాయిమీద పెట్టాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, "చిత్తం" అని వెళ్ళిపోయాడు. డబ్బు టీపాయిమీదనే ఉంది. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకొని వచ్చి, ఖాళీ గుమ్మం చూసి, "కాఫీ అయినా ఇవ్వనిచ్చారు కారు" అన్నది. మరేమీ అనలేదు. ఆ అర్జీ ఎక్కడికీ వెళ్ళలేదని తరవాత తెలిసింది.

అందుచేత మ్వెండా ఫిర్యాదు చేశాడని చదివినప్పుడు, ఆ నాలుగు మాటల వెనక ఎంత ఉందో నాకు కొంత తెలుసు.

అతనికి అండగా నిలిచిన ప్లీడరు పేరు విల్లీ కిమానీ. వయస్సు 32. డబ్బులేనివారి పక్షాన ఉచితంగా కేసులు నడిపే ఇంటర్నేషనల్ జస్టిస్ మిషన్ అనే సంస్థలో పనిచేసేవాడు. మ్వెండా ఏ కులంవాడో, ఏ ఊరివాడో అతనికి అక్కరలేదు. కాగితాలు చూశాడు, కేసు పట్టాడు. అటు అధికారి ఊరుకోలేదు. ఉన్న కేసు చాలదన్నట్టు ట్రాఫిక్కు నేరాలు కొన్ని మ్వెండా నెత్తిన వచ్చిపడ్డాయి. బోడా బోడావాడికి వాయిదా అంటే ఒక రోజు సంపాదన పోయినట్టు. బండి అప్పు వాయిదా, కోర్టు వాయిదా రెండూ ఒక్కసారే మీదపడితే ఏది కట్టాలి? ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానని ఒక్క ముక్క రాసిస్తే రెండోది పోతుంది. ఏడాది గడిచినా అతను ఆ ముక్క రాసివ్వలేదు.

2016 జూన్ 23, గురువారం. మవోకో కోర్టులో వాయిదా. మ్వెండా, కిమానీ ఇద్దరూ హాజరైనారు. పని అయిన తరవాత జోసెఫ్ ముయిరూరి అనే అతని టాక్సీ ఎక్కి బయలుదేరారు. ముయిరూరికి ఈ కేసుతో ఏమీ సంబంధం లేదు. అతనికి ఆనాటి బేరం అది, అంతే.

ముగ్గురూ ఇళ్ళకు చేరలేదు.

దారిలో వాళ్ళను అటకాయించి, స్యోకిమావులోని పోలీసు స్థావరానికి తీసుకుపోయి కొట్లో పెట్టారని తరవాత కోర్టులో రుజువైంది. ఆ కొట్లోనుంచి కిమానీ ఒక చీటీ రాశాడు. రాయడానికి కాగితం ఏది? మరుగుదొడ్డిలో వాడే మెత్తని కాగితం ముక్క దొరికింది. దానిమీద, మేము ప్రమాదంలో ఉన్నాం, నా భార్యకు ఫోను చేయండని, నంబరుతో సహా రాసి బయట పడవేశాడు. అది ఒకరికి దొరికింది. దొరికినవారు చూసి పారేయకుండా కబురు చేశారు. ఆ రోడ్డు పక్క వంగి ఆ ముక్కను తీసిన చెయ్యి ఉన్నదే, దాన్ని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నేనైతే తీసి ఉందునా?

కబురు అందింది గాని మనుషులు దక్కలేదు. ఆ రాత్రే ముగ్గుర్నీ చంపేశారు. వారం తిరిగేసరికి ఓల్ డోన్యో సబుక్ దగ్గర నదిలో గోనె సంచులు తేలాయి. అంతకంటే వివరంగా నేను రాయను. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక ఇది.

మా బావమరిది అప్పటికి నైరోబీ వెళ్ళి రెండేళ్ళయిందేమో. రోజూ ఆఫీసుకు తీసుకువెళ్ళే బోడా బోడా మనిషి ఒకాయన ఉండేవాడు. కాస్త వయసు మళ్ళినవాడు కావడంచేత అందరూ ఆయన్ని మ్జే అని పిలిచేవారట, మనం పెద్దాయనా అన్నట్టు. జూలై మొదట్లో ఒక పొద్దున మా వాడు స్టాండుకు వెళితే బండ్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. ఊరేగింపుకు వెళుతున్నాం, ఇవాళ బేరం లేదన్నాడు మ్జే.

"పోయినవాడు మీ స్టాండువాడా?" అని మా వాడు అడిగాడట.

"కాదు బాబూ. మ్లొలోంగో ఎక్కడ, మేమెక్కడ? బండి అదే గదా" అన్నాడట.

మా వాడు ఆనాడు నడిచి ఆఫీసుకు వెళ్ళాడు. దారిలో ఆ బండ్లు బారులుగా పోవడం చూశాడు. మామూలు రోజుల్లో చెవులు చిల్లులు పొడిచే హారన్లు ఆనాడు ఎవరూ విసుక్కోకుండా విన్నారన్నాడు.

నైరోబీ వీధుల్లో అప్పుడొక వింత జరిగింది. వింత అని ఎందుకంటున్నానంటే, నల్లకోటువారూ, బోడా బోడావారూ ఒక్క ఊరేగింపులో నడవడం ఏ దేశంలోనైనా రోజూ కనబడేది కాదు. ఆ దేశపు న్యాయవాదుల సంఘం వారం రోజులు కోర్టులకు వెళ్ళమని తీర్మానించింది. ప్లీడర్లు కోటుకు ఊదారంగు రిబ్బను ముక్కలు గుచ్చుకొని రోడ్డుమీదికి వచ్చారు. మోటారు సైకిళ్ళవాళ్ళూ టాక్సీవాళ్ళూ వచ్చి కలిశారు. ప్లీడర్లు తమ మనిషికోసం, టాక్సీవారు తమ మనిషికోసం, బోడా బోడావారు తమ మనిషికోసం. ముగ్గురూ ఒక్క నదిలో దొరికారు గనుక ఊరేగింపూ ఒక్కటే అయింది.

అక్కడి ఊరేగింపుల్లో తరచు వినబడే కేక ఒకటుందట: "హకీ యెటు!" మా బావమరిది ఈ మాట అనగానే నేను అరుగుమీద నిటారుగా కూర్చున్నాను.

"ఏమన్నావ్? హకీయా?"

"అవును. న్యాయమని అర్థం. హకీ యెటు అంటే మా న్యాయం, మా హక్కు."

స్వాహిలీలో అరబ్బీ మాటలు చాలా ఉన్నాయి. మన దేశపు మాటలూ కొన్ని పోయి చేరాయి. దుకాణాన్ని దుకా అంటారు, బండిని గారి అంటారు (మన గాడీయే), చపాతీ చపాతీయే. ఈ హకీ అరబ్బీలోని హక్ నుంచి పుట్టింది. ఆ హక్కే పారసీక, ఉర్దూల మీదుగా మనకు వచ్చి హక్కు అయింది. నవాబుల కచేరీల్లోనుంచి మన కరణాల చిట్టాల్లోకి దిగి, పొలం హక్కు, బాట హక్కు, నీటి హక్కు అయింది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు అన్యదేశ్యాలు చెబుతున్నాను. హక్కు: అరబ్బీ పదం, తెలుగులో ఉకారాంతమైంది అని బల్లమీద రాసి, చెరిపి, తరువాతి మాటకు పోతాను. అది మనకు ఒక గట్టు చాటున ఉండిపోయింది. మనం హక్కు వేరు, న్యాయం వేరు అనుకుంటాం. హక్కు కాగితంలో ఉంటుంది, న్యాయం దేవుడి దగ్గర ఉంటుంది. ఆ నల్లవారి భాషలో రెంటికీ ఒకటే మాట. నా హక్కు నాకిమ్మన్నా, న్యాయం చేయమన్నా ఒకే కేక.

ఆ కేకకు జవాబు రావడానికి ఆరేళ్ళు పైన పట్టింది. నలుగురు పోలీసులమీదా, వాళ్ళకు వేగు చెప్పే ఒక మామూలు మనిషిమీదా నైరోబీ హైకోర్టులో విచారణ జరిగింది. 40 మందికి పైగా సాక్షులు వచ్చారు. చేతి ఫోన్లు ఏ గంటకు ఏ స్తంభం దగ్గర పలికాయో లెక్కలు తీశారు. వేగులవాడు ఒప్పుకొని చెప్పిన సంగతులు చదివారు. మరుగుదొడ్డి కాగితంమీది రాత కోర్టు బల్లమీదికి వచ్చింది. జడ్జి జెస్సీ లెసిట్ అనే ఆవిడ. మధ్యలో ఆవిడకు పై కోర్టుకు పదోన్నతి వచ్చినా ఈ కేసును వదలక తానే ముగించింది. 2022 జూలై 22న తీర్పు వచ్చింది. ఒక పోలీసును విడుదల చేసి, మిగిలిన నలుగురూ దోషులన్నారు. 2023 ఫిబ్రవరి 3న శిక్షలు విధించారు. మ్వెండా చేతిని కాల్చిన అధికారికి మరణశిక్ష. మిగిలిన ఇద్దరు పోలీసుల్లో ఒకరికి 30 ఏళ్ళు, ఇంకొకరికి 24 ఏళ్ళు. ఈ 24 ఏళ్ళ శిక్ష పడినది ఒక స్త్రీ. వేగులవాడికి 20 ఏళ్ళు. కెన్యాలో 1987 తరవాత ఎవరినీ ఉరితీయలేదు గనుక అక్కడ మరణశిక్ష అంటే చాలావరకు జైలులో గడిపే ఆయుష్షే.

పోలీసుకు పోలీసు స్థావరంలో చేసిన పనికి శిక్ష పడడం ఎక్కడైనా అరుదు. అందుకని ఈ తీర్పును ఆ దేశంలో గొప్పగా చెప్పుకున్నారు. చెప్పుకోవలసిందే. నాకు ఒక్కటే కొరుకుడు పడలేదు. పత్రికలన్నిటిలోనూ ఇది విల్లీ కిమానీ కేసు. చదువుకున్నవాడు, ప్లీడరు; పేరు పైకి రావడం సహజం. తరవాత "ఆయన కక్షిదారు", "టాక్సీ డ్రైవరు" అని ఇద్దరు వస్తారు. కొన్నిచోట్ల పేర్లు ఉంటాయి, కొన్నిచోట్ల ఉండవు. అసలు ఫిర్యాదు ఎవరిది? చేతికి గుండు తగిలినదెవరికి? ఏడాదిపాటు రోజు కూలి పోగొట్టుకొని వాయిదాలకు వెళ్ళినదెవరు? కిమానీ ఉంటే తానే ముందు మ్వెండా పేరు చెప్పేవాడని నా నమ్మకం. మా మ్జే కూడా ఆ పొద్దున స్టాండులో ప్లీడరు మాట ఎత్తలేదు, మ్లొలోంగో కుర్రవాడి మాటే చెప్పాడు.

బావమరిది తిరిగి వెళ్ళిపోయిన వారానికి నా స్కూటరు మొరాయించింది. తోసుకుంటూ బైపాసు రోడ్డు పక్కనున్న మెకానిక్ షాపుకు వెళ్ళాను. ఆ షాపు ఎవరిదో మీరు గ్రహించే ఉంటారు. పాలు పోసిన కుర్రవాడే. ఇప్పుడు అతనికి ముప్ఫై దాటాయి. డిగ్రీ పూర్తిచేయలేదు. "నమస్కారం మాస్టారూ" అని స్టూలు తుడిచి వేస్తాడు. నాలుగేళ్ళుగా అక్కడికే వెళుతున్నాను. ఎడమచెయ్యి పూర్తిగా తిరగదు. స్పానరు కుడిచేత్తో పట్టుకొని, మోచేతితో బండిని అదిమిపెట్టి పనిచేస్తాడు. ఆ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఆనాడు ఎందుకో ఈ కథంతా చెప్పాను. ప్లగ్గు విప్పి, మసి తుడుస్తూ విన్నాడు. బండ్లు బజాజ్‌వి అంటే తల ఊపాడు. ఆ బండికి చైను తొందరగా సాగుతుందనీ, గతుకుల రోడ్లమీద ముగ్గుర్ని ఎక్కిస్తే ఇంకా తొందరగా సాగుతుందనీ చెప్పాడు. నదీ, గోనె సంచులూ వచ్చేసరికి చేతిలో పని ఆపాడు. శిక్షలు ఎవరెవరికి ఎంతెంత పడ్డాయో మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు.

"మాస్టారూ, ఆ ప్లీడరు అతనికేమౌతాడు? వాళ్ళ ఊరివాడా?"

"కాదు. ఏమీ కాడు."

"ఏమీ కాకుండానేనా?" అన్నాడు.

నేను చెప్పబోయిన మాట గొంతులోనే ఉండిపోయింది. అతను వంగి ప్లగ్గు బిగించాడు. లేచి, కాలితో ఒక్క తన్ను తన్నాడు. స్కూటరు పలికింది.

"నూట ఇరవై అండీ, కొత్త ప్లగ్గు వేశాను" అన్నాడు.

జేబులోనుంచి రెండు వందల నోటు తీశాను. అతను పెట్టెలో వెతికి, ఎనభై రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.